పద్దెనిమిదో నియమం

ఫోన్‌ల వచ్చిన హాస్టల్ కాయితాన్ని తిరుపతమ్మ మరాఠీల సదువుకుంట, మొగనికి తెలుగుల చెప్పుకుంట పోతున్నది. ఎర్రయ్య మంచం పట్టె మీద కూసోని ఒక్కొక్క వేలు మడుస్తున్నడు. పొద్దంత నాటు మడిల ఉండొచ్చిండు, గోర్ల సందుల బురద ఇంక పోలేదు.

"తాళం ఉన్న రేకు పెట్టె ఒకటి. పల్చటి పరుపు ఒకటి. దుప్పట్లు రెండు. బకీటు, మగ్గు. పల్లెం, గిలాస, చెంచా."

"చెంచా ఎందుకే? చేత్తోని తినరా అక్కడ?"

"రాసిన్రు మరి. తెల్ల సల్వార్లు రెండు జతలు. ఛత్రి. ఫొటోలు ఎనిమిది. టీసీ, మార్కుల మెమో, అసలువి. దవాఖాన నుంచి ఫిట్‌నెస్ కాయితం." బొటనవేలితోని తెరను పైకి జరిపింది. "పదిహేడో నియమం. కరెంటు సామాన్లు తేవద్దు. నీళ్లు కాగవెట్టే రాడ్డు, ఇస్త్రీ పెట్టె, ఏది దొరికినా గుంజుకుంటరు."

"ఇంకా?"

"అంతే." ఫోన్ ఆర్పి ఒళ్లె పెట్టుకున్నది.

గడప దగ్గర రేఖ బియ్యం చెరుగుతున్నది. చాట ఆపకుండనే అన్నది, "పద్దెనిమిది సద్వలేదు నువ్వు."

తిరుపతమ్మ ఒళ్లెని ఫోన్‌ను బోర్లేసింది.

"గా కాయితం నాకూ వచ్చిందమ్మా. పొద్దుగాలనే చూసిన." రేఖ చాట కింద పెట్టింది. తండ్రి దిక్కు తిరిగి, బళ్లె పద్యం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "మొండి జబ్బున్న పిల్లలకు హాస్టల్ల జాగ లేదు బాపూ. దాచిపెట్టి చేరినట్టు తెలిస్తే ఆ దినమే ఇంటికి తోలుతరు."

ఎర్రయ్య మడిచిన వేళ్లు మడిచినట్టే ఉన్నయి. పెండ్లాం మొకం చూసిండు.

"మనది మొండి జబ్బా?"

రేఖకు ఆరేండ్లప్పుడు వేలు గుచ్చి రక్తం చూసి సికిల్ అని చెప్పిన్రు. రక్తంల కణాలు కొడవళ్ల లెక్క వంగి నరాల్ల ఇరుక్కుంటయి. ఇరుక్కున్న కాడ బొక్కల్ల నొప్పి లేస్తది. అంటుకునేది కాదు, పోయేది కాదు. ఊర్ల ఎవరింట్ల రోగమున్నోళ్ల ఎర్ర కార్డున్నదో, ఎవరింట్ల రోగం మోసేటోళ్ల పసుపు కార్డున్నదో తిరుపతమ్మకు నోటికే వచ్చు. ఆమె మరాఠీ రాజ్యం అంచుల ఉన్న అంకిస ఊర్ల ఆశా కార్యకర్త. చిన్నా పెద్దా అందరు ఆశా తాయి, అంటే ఆశా అక్క, అనే పిలుస్తరు. రోగం దాచొద్దని గడప గడపకు పోయి చెప్పుడే ఆమె పని.

"మొండిదే," అన్నది చివరికి. లేసి పోయి, రేఖ వదిలిన చాట అందుకొని తాను చెరుగబట్టింది. బియ్యంల రాళ్లు లేవు. అయినా చెరుగుతనే ఉన్నది.

చంద్రపూర్‌ల రక్త పరీక్షలు చేసే ల్యాబు కోర్సుల రేఖకు సీటు దొరికి తొమ్మిది దినాలైంది. హాస్టల్ల పేరు వచ్చింది మాత్రం ఆ పొద్దుటికే. ఆనాడు బుధవారం. శనివారం లోపల చేరాలె. అంకిస నుంచి చంద్రపూర్‌కు బస్సుల పోతె ఒక పగలు పడుతది, రోజు పోయి వచ్చుడు కాని పని. ఎక్కడన్న అర్ర తీసుకొని ఒంటరిగ ఉంచుదామంటే, నొప్పి లేసిన నాడు నీళ్ల గిలాస అందిచ్చే దిక్కుండదు. హాస్టల్ లేకుంటే సదువే లేదు.

"రాయకుంటే ఏమైతది?" ఎర్రయ్య మెల్లగ అడిగిండు. "సూస్తె ఏం కనవడది కద."

రేఖ కండ్లు కొంచెం పసుపు రంగుల ఉంటయి. పొద్దున లేసినంక ఇంక ఎక్కువ. తండ్రి ఆ కండ్లల్లకు చూసి, చూపు తిప్పుకున్నడు.

*

గురువారం దవాఖానల డాక్టరు ఫిట్‌నెస్ కాయితాన్ని రెండుసార్లు సదివిండు. వాన పడుతున్నది. బయటి బెంచీల మీద ఆడోళ్లు కొంగులు పిండుకుంటున్నరు. డాక్టరు నాగపూర్ దిక్కు పిల్లగాడు, వచ్చి ఏడాది కాలేదు. తిరుపతమ్మ తోటి మరాఠీల మాట్లాడుతడు, తాయి అంటడు.

రేఖ ఎత్తు రాసిండు, బరువు రాసిండు, బీపీ చూసి రాసిండు, పిల్లను ఇంటికి పొమ్మన్నడు. కింద ఒక గడి ఉన్నది: మొండి జబ్బు, ఆహే లేక నాహీ, ఉన్నదా లేదా అని. అక్కడ పెన్ను ఆగింది.

"సర్, ఆ గడి..." తిరుపతమ్మ అన్నది.

"గడికేంది తాయి?"

"వదిలేయిండ్రి."

డాక్టరు కుర్చీల వెనుకకు ఒరిగిండు. "పోయిన నెల మీటింగుల లేసి నిలబడి మాట్లాడింది మీరే కద? కార్డు దాచేటోళ్ల పేర్లు రాసి నాకియ్యమన్నది మీరే కద?"

"నేనే."

"మరి?"

తిరుపతమ్మ ఫోన్ తీసి పద్దెనిమిదో నియమం చూపెట్టింది. డాక్టరు సదివిండు. పెదవులు బిగవట్టిండు. ఫోన్ తిరిగిచ్చి, కాయితం అడుగున 'సదువుకోనీకి యోగ్యురాలు' అని రాసి సంతకం పెట్టిండు. ముద్ర ఊది ఆరవెట్టిండు.

"ఇది అబద్ధం కాదు. పిల్ల సదువుకోగలదు. గోలీలు తప్పకుంట ఏసుకుంటే, నీళ్లు తాగితే, సలిల నానకుంటే సదువుకోగలదు. ఆ గడి మాత్రం తల్లిదండ్రులు నింపేది. మీరేం రాస్తరో నాకు తెల్వదు." కాయితం జరిపి, ఆమె మొకం చూడకుండ తరువాతి పేరు పిలిచిండు.

బయట బెంచీ మీద దేవక్క ఉన్నది. ఇల్లు వాడ చివర. ఆమె మనవరాలికీ ఎర్ర కార్డే. రెండేండ్ల కింద దేవక్క ఆ కార్డును గోడ సందుల దాచింది, పిల్లకు పెండ్లి కాదేమోనని. తిరుపతమ్మ ఇంటిమీదికి పోయి అందరి ముంగట తిట్టి, గోడ సందుల చెయ్యి పెట్టి కార్డు గుంజింది. ఆనాటి నుంచి దేవక్క నెలకొక్కసారి వచ్చి గోలీలు తీసుకపోతున్నది.

"తిరుపతమ్మా, పిల్లను హాస్టల్ల ఏస్తున్నవట."

"ఆఁ అక్కా."

"కార్డు చూపెడితే ఏమనరా అక్కడ?"

"ఏమంటరు?" తిరుపతమ్మ ఛత్రి తెరిచింది. కమ్మి ఇరుక్కున్నది. మళ్లీ మూసి తెరిచింది. "ఏమనరు."

"మంచిది తల్లీ. మా పిల్ల కూడ తొమ్మిదో తరగతికొచ్చింది. రేపు దాన్ని కూడ పంపొచ్చు అయితే."

తిరుపతమ్మ బస్టాండ్ షెడ్డు దాక పోయింది. సిమెంటు అరుగు మీద సంచి పెట్టి, సంచి మీద కాయితం పరిచింది. ఈ పదేండ్లల్ల ఆమె ఎన్ని రిజిస్టర్లు నింపిందో లెక్క లేదు. గుండ్రటి అక్షరాలు, గీత మీద నిలబెట్టినట్టు ఉంటయి. పై ఆఫీసర్లు మెచ్చుకునే చేతిరాత. ఆ చేత్తోనే గడిల 'నాహీ' అని రాసింది. రాసినంక పెన్ను మూత దొరకలేదు. అరుగు కింద వెతికితె బురదల కనవడ్డది. తుడవకుండనే పెట్టుకున్నది.

*

శుక్రవారం పొద్దుగాల ఎర్రయ్య సిరోంచ పోయి పచ్చ బకీటు, మగ్గు, రేకు పెట్టె తెచ్చిండు. పొయ్యిల ఇనుప మొల కాల్చి, బకీటు మీద ప్లాస్టిక్కు కరగంగ రేఖ పేరు రాసిండు. అక్షరాలు వంకరపోయినయి. "మంచిగ లేదా?" అని రెండుసార్లు అడిగిండు. "మంచిగున్నది బాపూ," అన్నది రేఖ రెండుసార్లూ.

హాస్టలోళ్లు రాసియ్యనివి తిరుపతమ్మ తీసింది. ఉన్ని స్వెటరు. రెండు జతల మేజోళ్లు. రెండు లీటర్ల నీళ్ల సీసా. పాత చీరలు నాలుగు పొరలు కలిపి కుట్టిన బొంత. ఆషాఢంల స్వెటరెందుకని అక్కడ అడుగుతరు. సలి తగిలితె, సల్ల నీళ్లు ఒంటిమీద పడితె రేఖకు మోకాళ్లల్ల మొదలైతది. రాడ్డు తేవద్దన్నరు, మరి వేడి నీళ్లు ఎక్కడివి? తిరుపతమ్మ బొంతను మడిచి పెట్టెల ఒత్తింది. మూత పడలేదు. తీసి, ఇంకో తీరుగ మడిచి ఒత్తింది. పడలేదు. పెట్టె మీద కూసున్నది. కింది నుంచి పల్లెం చప్పుడు చేసింది, అంతే.

"బొంత వద్దు తియ్యమ్మా. అందరు దుప్పట్లే తెస్తరు."

"అందరితోటి నీకేంది?"

"నువ్వే అన్నవ్ కద, అందరి లెక్కనే ఉండుమని."

తిరుపతమ్మ బొంత తీసి పక్కన పెట్టింది. కొంచెంసేపటికి గోలీలు ముంగట ఏసుకొని కూసున్నది. రోజొకటి ఏసుకునే క్యాప్సూళ్లు, రక్తం పట్టే పసుపు గోలీలు, నొప్పి గోలీలు. పట్టీల మీద పేరుంటది, అందుకే కత్తెరతోని ఒక్కొక్కటి కోసి బలం గోలీల సీసాలల్ల పోస్తున్నది. ముప్పై, అరవై, తొంభై. మూడు నెలలయి. ఆమె వేళ్ల కొసలు తెల్లబడ్డయి.

"ఏం గోలీలివి అంటే?"

"రక్తం తక్కువున్నది, బలానికిచ్చిన్రు."

"నొప్పి లేస్తే?"

"నెలసరి నొప్పి."

"ఏ దవాఖానకు పోతవ్?"

"హాస్టలోళ్లకు చెప్పకుండ, సర్కారు దవాఖానకు. నీకు ఫోన్ చేసి."

"కండ్లు పచ్చగున్నయేంది అంటే?"

"చిన్నప్పుడు కామెర్లొచ్చినయి."

పొద్దటి నుంచి ఇది నాలుగోసారి. రేఖ గోడకు ఒరిగి, మోకాళ్లు రెండు చేతులతోని చుట్టుకొని, ఒక్క మాట తప్పు పోకుండ చెప్పుతున్నది.

"అమ్మా, నెలసరి నొప్పి నెలకు మూడుసార్లు లేస్తదా?"

కత్తెర ఆగింది.

"నడవరాకుంటైతే ఏం చెప్పాలె? పోయిన సంక్రాంతికి లేసినట్టు లేస్తే? నోట్లె గుడ్డ కుక్కుకోవాల్నా?"

"గట్ల లేవది. నీళ్లు తాగు. గోలీ మరువకు. లేవది."

"నువ్వు ఎవ్వరికన్న గిట్ల చెప్పినవా, ఊర్ల?"

తిరుపతమ్మ లేసి రేఖ దగ్గరికి పోయింది. కొడుతదేమో అన్నట్టు చెయ్యి లేపింది. పిల్ల తల మీద పెట్టింది. "నాకు ఇంకేం తోస్తలేదు బిడ్డా. నీకేమన్న తోస్తే నువ్వు చెప్పు."

రేఖ జరిగొచ్చి ఒక పట్టీ అందుకున్నది. ఇద్దరు కలిసి మిగిలిన గోలీలు సీసాల పోసిన్రు.

*

శనివారం పొద్దుగాల సిరోంచ దాక ఎర్రయ్య వచ్చి పెట్టె బస్సు మీదికెక్కిచ్చిండు. నాట్లు నడుమల ఉన్నయి, అంతకంటె ముందుకు రాలేడు. బస్సు కదిలినంక కూడ కిటికీ చువ్వ పట్టుకొని నాలుగడుగులు ఉరికిండు.

సికిల్ ఉన్నోళ్లకు సర్కారు బస్సుల టికెట్ లేదు, కార్డు చూపెడితె చాలు. కండక్టరు వచ్చినప్పుడు రేఖ చెయ్యి అలవాటుగ సంచి దిక్కు పోయింది. తిరుపతమ్మ ఆ చెయ్యి పట్టుకొని, "రెండు ఫుల్ టికెట్లు," అన్నది. ముంగటి సీట్ల ఎవరో పిల్ల కొత్త బకీటుతోని కూసున్నది. అదే హాస్టల్ పిల్లేమో, ఎవరికెరుక?

ఆలపల్లి దాక రోడ్డంత గుంతలే. గుంత గుంతకు రేఖ కండ్లు మూసుకుంటున్నది. తిరుపతమ్మ సీసా మూత తీసి, "తాగు," అంటున్నది. "మూత్రమొస్తది అమ్మా, బస్సు ఆపరు." "తాగు."

చంద్రపూర్ చేరేసరికి రెండైంది. హాస్టల్ మూడంతస్తులది, కొత్తగ సున్నమేసిన్రు. వరండాల బల్ల మీద ఒక్కొక్కల్ల పెట్టె తెరిచి పనిచేసే బాయి ఒకామె సామాన్లు చూస్తున్నది. ఆమె పక్కన కుర్చీల హాస్టల్ చూసుకునే రెక్టర్ మ్యాడం. యాభై ఏండ్లుంటయి. కండ్లద్దాలకు గొలుసు, ముంగట కాయితాల కట్ట. పిల్లల ఫోన్లన్ని తీసుకొని, పేర్లు రాసి డబ్బాల ఏస్తున్నది. ఆరు గంటలకు గంటసేపిస్తరట.

బాయి స్వెటరు లేపి చూసి నవ్వింది. సీసాలు లేపింది. "ఇవేంది?"

"బలం గోలీలు," రేఖ అన్నది. "రక్తం తక్కువున్నది."

"ఈ దిక్కు పిల్లలందరికీ తక్కువే," మ్యాడం తలెత్తకుండ అన్నది. ఫిట్‌నెస్ కాయితం మీద చూపు తిప్పి, కట్టల పెట్టింది. "మూడో అంతస్తు. ఇరవై రెండు నంబర్ అర్ర."

"కిందేమన్న దొరుకుతదా మ్యాడం?"

"ఎందుకు?"

"ఊకెనే అడిగిన," అన్నది తిరుపతమ్మ. పెట్టె నెత్తిన పెట్టుకొని మెట్లెక్కింది. వెనుక రేఖ ప్రతి మలుపు కాడ ఆగుతున్నది. నీళ్ల కొళాయి ఏ అంతస్తుల ఉన్నదని అడిగితె, కిందనే అన్నరు.

వాళ్లు దిగొచ్చేసరికి బల్ల ముంగట ఇంకొక పిల్ల నిలబడ్డది. సన్నగ, కట్టె లెక్క ఉన్నది. పక్కన తండ్రి, కొత్త అంగి మడతలు ఇంక పోలేదు. జిమల్‌గట్ట అవతలి అడివి పల్లె వాళ్లది. పిల్ల పేరు మైనా అని బాయి సదివింది. పెట్టె మూత తెరవంగనే అన్నిటికంటె పైన, ప్లాస్టిక్కు కవరుల, ఎర్ర కార్డు ఉన్నది.

మ్యాడం కార్డు తీసి చూసింది. కండ్లద్దాలు తీసింది. "ఇది ముందుగాల చెప్పాలె కద?"

"పైననే పెట్టినం," తండ్రి అన్నడు. గోండి, మరాఠీ కలిపి తిప్పలు పడుకుంట మాట్లాడుతున్నడు. "మా ఊరి ఆశా తాయి చెప్పింది. ఎక్కడికి పోయినా కార్డు పైననే పెట్టుండ్రి, అందరికి అగుపడాలె, దాచొద్దని."

తిరుపతమ్మ మెట్టు మీదనే ఆగింది. ఎవరో ఆశా తాయి. ఏ ఊరామెనో. గీ మాట గిట్లనే, గీ వరుసలనే, తాను ఎన్నిసార్లు చెప్పిందో.

"నియమం ఉన్నది అన్నా. నేనేం చెయ్యలేను. తీసుకపోండి."

"ఎటు తీసుకపోవాలె?" అతను నిజంగనే అడిగిండు. బకీటు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నడు. "బడోళ్లు ఇటే పంపిన్రు."

మైనా వంగింది. బాయి బయటికి తీసిన బట్టలు మళ్లా మడతవెట్టి పెట్టెల పెట్టుకుంటున్నది. ఒక్కొక్కటి, తొందర లేకుండ.

రేఖ తల్లి చెవి దగ్గర అన్నది, "అమ్మా. మాట్లాడవా?"

"నోరు మూస్కో."

"నువ్వు ఆశా తాయివి. ఇది అంటుకునేది కాదని చెప్పు. గంతే చెప్పు."

"నేను నోరు తెరిస్తె, నీకెట్ల తెలుసని అడుగుతది. నీ కండ్లు చూస్తది." రేఖ రెక్క పట్టుకొని మెట్ల చాటుకు గుంజింది. "ఎవరిది వాళ్లకు. నువ్వు పైకి పో."

రేఖ పైకి పోలేదు. రెక్క విడిపించుకొని, గోడకానుకొని, తల్లిని చూసుకుంట నిలబడ్డది. తిరుపతమ్మ బిడ్డ తల నిమరకుండనే, పోయొస్త అని చెప్పకుండనే గేటు దాటింది.

*

బస్టాండుల అహేరి బస్సు ఆగే కాడ మైనా పెట్టె మీద కూసున్నది. తండ్రి నిలబడే ఉన్నడు. తిరుపతమ్మ ఆ దిక్కు చూడొద్దనుకున్నది. ఇంకో బెంచీకి పోయింది. అక్కడ కూసున్నా, పిల్ల చేతులు కనవడుతున్నయి. మోకాలి కింద, పిక్క మీద, రెండు చేతులతోని పిసుక్కుంటున్నది. పిసికి, ఆపి, ఊపిరి బిగవట్టి, మళ్లా పిసుక్కుంటున్నది.

ఆ పిసుకుడు తిరుపతమ్మకు తెలుసు. చేతులు వాటంతట అవే లేసినయి.

"ఎప్పుడు మొదలైంది?" పోయి పిల్ల ముంగట కింద కూసోని అడిగింది.

జిమల్‌గట్ట దిక్కోళ్లకు తెలుగు కొంత వస్తది. "బస్సుల," అన్నది మైనా.

"నీళ్లు తాగినవా?"

"పొద్దటి నుంచి తాగలే. బస్సు ఆపరని."

తిరుపతమ్మ సీసా కొనుక్కొచ్చింది, బిస్కెట్లు తెచ్చింది. తన దగ్గర నొప్పి గోలీ ఒక్కటి లేదు. అన్ని రేఖ సీసాల పోసింది. మైనా సంచిల ఉన్న గోలీ తీపిచ్చి ఏపిచ్చింది. కొంగుతోని పిక్కలు చుట్టి, మెల్లగ, పైకి పైకి రుద్దుతున్నది.

"నీకు మంచిగ తెలుసు తాయి," తండ్రి అన్నడు. "దవాఖానల పని చేస్తవా?"

"ఆశా కార్యకర్తను."

అతని మొకం విప్పారింది. "మా ఊర్ల కూడ ఉన్నది. మంచి మనిషి. అన్ని సరిగ్గ చెప్తది." ఆగి, "ఈసారే ఎందుకో జర తప్పు చెప్పింది," అన్నడు.

తిరుపతమ్మ రుద్దుడు ఆపలేదు. తలెత్తలేదు.

"మీ బిడ్డకు దొరికిందా?" మైనా అడిగింది. "మెట్ల మీద చూసిన, మీ పక్కన."

"దొరికింది."

"ఆమెకేం లేదు కద," మైనా అన్నది. కుళ్లుతోని కాదు. వాన ఆగింది అన్నట్టు చెప్పింది.

అహేరి బస్సు వచ్చింది. మంది తలుపు మీద పడ్డరు. తండ్రి పెట్టె భుజాన ఎత్తుకున్నడు. తిరుపతమ్మ ముందే ఎక్కి, జాగ కోసం సీటు మీద తువ్వాల ఏసింది. మైనా కింది మెట్టు మీద కాలు పెట్టింది. కాలు లేవలేదు. చువ్వ పట్టుకొని మళ్లా ప్రయత్నం చేసింది. వెనుక నుంచి ఎవరో, "జల్దీ ఎక్కు, ఏమైందే నీకు?" అని కసిరిన్రు. పిల్ల అటు తిరిగి, "నెలసరి," అన్నది.

ఈ పొద్దటిదాక కార్డు పైన పెట్టుకొని తిరిగిన పిల్ల. ఒక్క దినంల నేర్సుకున్నది.

తిరుపతమ్మ తువ్వాల తీసుకున్నది. మందిని తోసుకుంట కిందికి దిగింది. "దించు అన్నా, పెట్టె దించు."

"ఏమైంది తాయి?"

"మళ్లీ పోదాం. హాస్టల్‌కు."

"వద్దన్నది కద ఆమె?"

"వద్దంటె నా ముంగట అనని." ఆటో కోసం చెయ్యెత్తింది. ఆటోల కూసున్నంక మనసుల ఒక్కటే తిరుగుతున్నది: బిడ్డ సదువును నేనే తీసుకపోయి బల్ల మీద పెడుతున్న. ఎర్రయ్యకు ఏం చెప్పాలె? మొల కాల్చి పేరు రాసిండు. దిగిపోదామా అనిపిచ్చింది రెండుసార్లు. పక్కన మైనా తల ఆమె భుజం మీద వాలి ఉన్నది, కదిలితె లేస్తదని కదలలేదు.

*

ఆఫీసు అర్రల రేఖ నిలబడి ఉన్నది.

బల్ల మీద మూడు సీసాలున్నయి, మూతలు తీసి. వాటి పక్కన ఫిట్‌నెస్ కాయితం. రెక్టర్ మ్యాడం తలెత్తి తిరుపతమ్మను చూసింది, ఆమె వెనుక మైనాను, తండ్రిని చూసింది.

"నీకే ఫోన్ చేద్దామనుకుంటున్న. లోపలికి రా."

"నేనే చెప్పినమ్మా," రేఖ అన్నది. ఏడిసి తుడుసుకున్నట్టుంది, చెంపల మీద చారలున్నయి. "నువ్వు పోయినంక వచ్చి చెప్పిన."

దారి పొడుగూత తిరుపతమ్మ చెయ్యాల్నా వద్దా అని కొట్టుకున్న పనిని బిడ్డ అప్పటికే చేసేసింది. ఇగ కాపాడుకోనీకి ఏం మిగల్లేదు.

మ్యాడం కాయితం మీద వేలు పెట్టింది. "ఈ నాహీ తానే రాసిన్నని నీ బిడ్డ అంటున్నది."

"అది నా చెయ్యి మ్యాడం. దానిది కాదు. కింద సంతకం చూడుండ్రి, ఒక్క తీరుగనే ఉంటది."

"ఆశా కార్యకర్తవట. మీరే గిట్ల చేస్తే ఎట్ల?"

"తప్పే చేసిన. మా ఊర్ల ఒకామె మనవరాలి కార్డు దాస్తే ఇంటిమీదికి పోయి తిట్టిన. మీ పద్దెనిమిదో నియమం చూసినంక నేనే దాచిన. నేనే దాచితె, ఇంకెంతమంది దాచి ఈ మెట్లెక్కిన్రో మ్యాడం? పైన ఎంతమంది పిల్లల సీసాలల్ల ఏమున్నయో మీకు తెలుసా?"

మ్యాడం కండ్లద్దాలు తీసి, గొలుసు వేళ్లకు చుట్టుకుంట అన్నది, "పోయినేడు ఒక పిల్ల. కడుపునొప్పి అన్నది. నేను వాము నీళ్లిచ్చిన. ఛాతి పట్టేసింది అంటె గ్యాస్ అనుకున్న. మూడో దినం పానం పోయింది. తర్వాత తెలిసింది సికిల్ అని. వాళ్ల అన్న వచ్చి ఈ అర్రల్నే నా కొంగు పట్టుకొని అడిగిండు, మీరేం చేసిన్రని. నేను బళ్లె మరాఠీ చెప్పేదాన్ని తాయి. నాకేం తెలుసు? హాస్టల్ నడిపే సంస్థ వాళ్లు ఆ నెలల్నే ఈ నియమం పెట్టిన్రు. నాకూ మంచిదే అనిపిచ్చింది."

మైనా తండ్రి కుర్చీల కూసోకుండ తలుపు కాడనే ఉన్నడు.

"మీరు తోలేస్తె పోతం," తిరుపతమ్మ అన్నది. "కాని రాసియ్యుండ్రి. ఈ ఇద్దరు పిల్లలకు జబ్బున్నదని జాగ ఇయ్యలేదని, ముద్ర కొట్టి, సంతకం పెట్టి. వికలాంగుల చట్టంల ఈ జబ్బు కూడ ఉన్నదని మాకు ట్రైనింగుల చెప్పిన్రు. ఆ కాయితం పట్టుకొని కలెక్టరు దగ్గరికి పోత. రాసియ్యందే ఇక్కడ్నుంచి కదల."

మ్యాడం లెటర్ ప్యాడ్ దగ్గరికి గుంజుకున్నది. పెన్ను మూత తీసింది. తేదీ రాసింది. ఆగింది.

మైనా గోడకు ఒరిగి మెల్లగ కిందికి జారి కూసున్నది. ముఖమంత చెమట. రేఖ ఉరికి పోయి పక్కన కూసున్నది. అడగకుండనే పిల్ల కాళ్లు తన ఒళ్లెకు తీసుకున్నది.

"ఇప్పుడు లేసిందా?" మ్యాడం కుర్చీల నుంచి లేసింది. "అంబులెన్స్ పిలవాల్నా?"

"ఆగుండ్రి." తిరుపతమ్మ పిల్ల నుదురు మీద, మెడ కింద చెయ్యి పెట్టింది. "మైనా, ఊపిరి తీసుకో. ఛాతిల నొప్పున్నదా? లేదా? తల? మంచిది. కాళ్లేనా?" మ్యాడం దిక్కు తిరిగింది. "జ్వరం లేదు. ఛాతి నొప్పి లేదు. దీనికి అంబులెన్స్ అక్కర లేదు. వేడి నీళ్లు కావాలె, తువ్వాల కావాలె. తాగనీకి నీళ్లు, గోరువెచ్చగ."

మ్యాడం తానే పోయింది. వంటింట్ల నుంచి గిన్నె పట్టుకొచ్చింది. నీళ్లు ఆమె చీర మీద చిందినయి. తిరుపతమ్మ తువ్వాల ముంచి, పిండి, మ్యాడం చేతికిచ్చింది. "ఇక్కడ పెట్టుండ్రి. అదమొద్దు. మీ చెంపకు పెట్టి చూసుకొని పెట్టాలె."

మ్యాడం చెంపకు ఆనిచ్చి చూసుకొని, మోకాళ్ల మీద కూసోని, మైనా పిక్క మీద తువ్వాల పరిచింది. పది నిమిషాలకు పిల్ల దవడలు సడలినయి. బయట అహేరి పోయే ఆఖరి బస్సు టైము దాటిపోయింది.

"కిందనే ఒక అర్ర ఖాళీగున్నది. రోగమొచ్చిన పిల్లలను పెట్టేది," మ్యాడం లేవకుండనే అన్నది. "సోమవారం సంస్థ కార్యదర్శి వస్తడు. ఆయన కాదంటే నేనేం చెయ్యలేను. మాటియ్యను తాయి. రెండు దినాలే."

"రెండు దినాలకు కూడ మీకు తెలిసి ఉండాలె మ్యాడం. ఈ నొప్పికి ఆగొచ్చు. ఆగరాని నొప్పులు వేరే ఉన్నయి. వాటికి ఒక్క గడియ కూడ ఆగొద్దు. ఛాతిల పోటు, ఊపిరాడకపోవుడు, జ్వరం..."

"ఉండు." మ్యాడం గోడ పట్టుకొని లేసి బల్ల దగ్గరికి పోయింది. ప్యాడ్ మీద తేదీ ఒక్కటే ఉన్నది. దాని కింద, పెన్ను ఒత్తిపట్టి, బడి పిల్ల లెక్క 'ఒకటి' అని ఏసింది.

"ఇగ చెప్పు. జర నెమ్మదిగ చెప్పు. ఛాతిల పోటు అన్నవు. దాని తర్వాత?"